దసరా పద్దు

విజయవాడలో చిన్న ప్రెస్సులకీ, వన్‌టౌన్ బట్టల కొట్లకీ, ఆటోనగర్ షెడ్లకీ లెక్కలు రాయడమే నా వృత్తి. పొద్దున ఒకచోట, మధ్యాహ్నం ఇంకోచోట, సాయంత్రం మరోచోట. ఏ కొట్టు పద్దు పుస్తకం తెరిచినా ఆశ్వయుజంలో ఒక పేజీ కచ్చితంగా ఉండేది. పైన ‘శ్రీ’ చుట్టి, కింద ‘దసరా మామూళ్లు’ అని రాసి, పోస్ట్‌మాన్‌కి ఇంత, కరెంటు లైన్‌మన్‌కి ఇంత, సరుకు తోలే రిక్షా అతనికి ఇంత, వీధి ఊడ్చే ఆవిడకి ఇంత అని వరసగా ఉండేవి. ఆ వరసలోనే, ఏ తేడా లేకుండా, కొట్లో ఏడాది పొడుగునా పనిచేసే మనుషుల పేర్లూ ఉండేవి. కొన్నాళ్లకి కొన్ని పుస్తకాల్లో ఈ పేర్లు అక్కణ్ణించి లేచి, ‘బోనస్’ అనే వేరే ఖాతాలోకి వెళ్లాయి. కొన్ని పుస్తకాల్లో ఇప్పటికీ లేవలేదు.

ఒక పేజీలోంచి ఇంకో పేజీలోకి పేరు మారడం గుమస్తాకి నిమిషం పని. దేశంలో అది జరగడానికి మాత్రం ఒక ప్లేగు, రెండు ప్రపంచ యుద్ధాలు, లెక్కలేనన్ని సమ్మెలు, సుప్రీంకోర్టు తీర్పుల వరస ఒకటి కావలసి వచ్చాయి.

మన పల్లెల్లో పండగకి పనివాళ్ల చేతిలో ఏదో ఒకటి పెట్టడం ఎప్పటి నుంచో ఉంది. వీధిబడి పంతులుగారు దసరాకి పిల్లల చేతికి రంగుకాగితాల విల్లంబులిచ్చి, పాటలు పాడిస్తూ ఇంటింటికీ తిప్పేవాడు. పిల్లలకి పప్పుబెల్లాలు, ఆయనకి రూపాయో బట్టలో దొరికేవి. నెల జీతం సరిగా గిట్టని ఆ పంతులుకి అది వేడుక కాదు, సంపాదన. చాకలికీ మంగలికీ వడ్రంగికీ కళ్లంలో ధాన్యంలోంచి మేర కొలిచేవారు. పాలేరుకి ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం, జత బట్టలు, జోళ్లు అని ముందే మాట అనుకునేవారు. ఇందులో మేర సంగతి గమనించాలి. పంట తక్కువైతే మేర తగ్గొచ్చు గాని ఆసామి మూడ్‌ని బట్టి తగ్గేది కాదు. ఊరందరి ఎదుట కళ్లంలో కొలవాల్సిందే. ఆ వ్యవస్థలో కులం ఉంది, వెట్టి ఉంది, దాన్ని మెచ్చుకునే ఉద్దేశం నాకు లేదు. కానీ కొలత నలుగురి ముందు జరగాలన్న తెలివి పట్నం షావుకార్లలో చాలామందికి లేకుండా పోయింది.

పట్నాల్లో బోనస్ పుట్టుక వేరే కథ. 1917 వానాకాలంలో అహ్మదాబాదులో ప్లేగు వచ్చింది. జనం ఊరు విడిచి పల్లెలకి పారిపోతున్నారు. బయట మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది, ఇంగ్లండు గుడ్డ రావడం తగ్గింది, మిల్లు గుడ్డకి గిరాకీ విపరీతం. మగ్గం ఆగితే నష్టం లక్షల్లో. అందుకని మిల్లు యజమానులు నేతపనివాళ్లని ఊళ్లో ఉంచడానికి జీతం మీద డెబ్బై, ఎనభై శాతం దాకా ‘ప్లేగు బోనస్’ ఇచ్చారు. ప్రాణభయాన్ని డబ్బుతో కొన్నారన్న మాట. పనివాళ్లు నిలబడ్డారు. ప్లేగు తగ్గింది. 1918 జనవరిలో యజమానులు, ఇక ఆ అవసరం తీరింది కదా అని, బోనస్ తీసేస్తామన్నారు.

అక్కడ తెగింది. ఆ నెలల్లో ధరలు అమాంతం పెరిగాయి. బోనస్ పోతే ఇల్లు గడవదు. పనివాళ్ల పక్షాన నిలబడిన అనసూయా సారాభాయి, ఎదుటి పక్షంలో యజమానుల నాయకుడు అంబాలాల్ సారాభాయి స్వయానా అక్కాతమ్ముళ్లు. మధ్యలో గాంధీ. యజమానులు 20 శాతం పెంపు అన్నారు, గాంధీ లెక్కలు వేసి 35 శాతం న్యాయమన్నాడు. ఫిబ్రవరి 22న లాకౌటు మొదలైంది. సబర్మతి ఒడ్డున తుమ్మచెట్టు కింద రోజూ సభ. మూడు వారాలయ్యేసరికి కడుపు మాడి పట్టు సడలుతుంటే, మార్చి 15న గాంధీ నిరాహారదీక్షకి కూర్చున్నాడు. మూడు రోజుల్లో రాజీ కుదిరింది. ఆ రాజీ చూస్తే లెక్కలవాడికి నవ్వొస్తుంది: మొదటిరోజు 35 శాతం, రెండోరోజు 20 శాతం, మూడోరోజు నుంచి మధ్యవర్తి తీర్పు వచ్చేదాకా రెంటికీ మధ్య 27.5 శాతం. అందరి మాటా నిలబడింది. తర్వాత తీర్పులో 35 శాతమే ఖాయమైంది.

చరిత్ర పుస్తకాల్లో ఇది గాంధీ దీక్షగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఇది మనిషిని నిలబెట్టుకోవడానికి ఇచ్చిన డబ్బుని, అవసరం తీరగానే వెనక్కి లాక్కోబోయిన కథ. ఇవ్వకుండా ఉంటే ఇంత గొడవ అయ్యేది కాదేమో. ఇచ్చి లాక్కోవడం దగ్గరే మనిషికి మండుతుంది.

బొంబాయిలోనూ అచ్చం అంతే. 1917లో అక్కడి మిల్లులు యుద్ధ బోనస్ అని పది శాతం ఇచ్చాయి, తర్వాత పదిహేను చేశాయి. యుద్ధం అయ్యాక మంచి లాభాలొచ్చిన నాలుగేళ్లు వరసగా, ఏడాదికొక నెల జీతం బోనస్‌గా ముట్టజెప్పాయి. 1923లో లాభాలు పడిపోయాయి. ఈసారి బోనస్ లేదని గోడకి నోటీసు అంటించారు. 1924 జనవరిలో లక్షన్నర మందికి పైగా పని ఆపేశారు. ప్రభుత్వం ప్రధాన న్యాయమూర్తి నార్మన్ మెక్లీడ్ అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ కమిటీ, పనివాళ్లకి చట్టరీత్యా గాని ఆనవాయితీగా గాని బోనస్ అడిగే హక్కు లేదని తేల్చింది. సమ్మె విరిగిపోయింది. ఇచ్చినవాడి దయ, ఇవ్వకపోతే నోరు మూసుకోవాలి: అప్పటి న్యాయం అది.

ఆ న్యాయం తిరగబడటానికి మరో పాతికేళ్లు పట్టింది. 1950లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్, మళ్లీ బొంబాయి మిల్లుల తగాదాలోనే, లాభంలోంచి తరుగుదల, యంత్రాల పునరుద్ధరణ, పన్ను, పెట్టుబడి మీద ఆరు శాతం ప్రతిఫలం తీసేశాక మిగిలిన దాంట్లో కార్మికుడికి వాటా ఉందని ఒక లెక్క కట్టి చూపించింది. న్యాయవాదుల నోళ్లలో అది ‘ఫుల్‌బెంచ్ ఫార్ములా’. 1959లో ఏసీసీ సిమెంటు కేసులో సుప్రీంకోర్టు ఆ లెక్కనే సమర్థించింది. బోనస్ దానం కాదని, ఆ మిగులు సంపాదించడంలో కార్మికుడి చెయ్యి ఉందని అప్పటికి స్థిరపడింది.

అయితే నా మనసుకి బాగా దగ్గరైన తీర్పు అది కాదు. అదే 1959లో కలకత్తా నుంచి గ్రాహం ట్రేడింగ్ కంపెనీ కేసు వచ్చింది. బెంగాల్లో దుర్గాపూజకి ఇచ్చే పూజా బోనస్ గురించి. లాభంతో పనిలేకుండా, ఆనవాయితీగా ఇచ్చేదాన్ని హక్కు అనాలంటే ఏం చూడాలి? కోర్టు నాలుగు సంగతులు చెప్పింది. ఏడాది తప్పకుండా ఇచ్చి ఉండాలి. చాలాకాలంగా ఇస్తూ ఉండాలి. నష్టమొచ్చిన ఏడు కూడా ఇచ్చి ఉండాలి. అన్నేళ్లూ ఒకే రేటున ఇచ్చి ఉండాలి. ఒక వృత్తిపన్ను పుస్తకం కోసం వెళ్లి, న్యాయవాది మిత్రుడి బల్ల మీద ఈ నాలుగు ముక్కలూ మొదటిసారి చదివినప్పుడు, జడ్జీలు ఎప్పుడైనా గవర్నరుపేట ప్రెస్సుల్లో పనిచేశారా అనిపించింది.

ఎందుకంటే నేను లెక్కలు రాసిన వాటిలో ఒకే వీధిలో రెండు ప్రెస్సులుండేవి. అవి లెటర్‌ప్రెస్ రోజులు. కంపోజిటర్ కేసుల ముందు నిలబడి, ఒక్కో అక్షరం ఏరి స్టిక్కులో పేర్చేవాడు. గుణింతాలకీ ఒత్తులకీ వేరువేరు గళ్లు; తెలుగు కేసు నేర్చుకోవడానికే కుర్రాడికి ఏళ్లు పట్టేది. మంచి కంపోజిటర్‌నీ, ట్రెడిల్ మీద చెయ్యి కుదిరిన మెషిన్‌మన్‌నీ పోగొట్టుకుంటే పెళ్లిళ్ల సీజన్‌లో యజమాని తలపట్టుకోవాల్సిందే. కాబట్టి ఇద్దరు ఓనర్లూ మనుషుల్ని నిలుపుకోవాలనే చూసేవాళ్లు.

మొదటాయన మనసున్న మనిషి. మంచి గిరాకీ ఉన్న ఏడు నెలన్నర జీతం కూడా ఇచ్చాడు. ఆయుధపూజ రోజు యంత్రాలు కిరసనాయిలుతో కడిగించి, పసుపు కుంకుమ పెట్టించి, గుమ్మడికాయ కొట్టించి, పులిహోర పంచాక, ఒక్కొక్కణ్ణీ లోపలి గదిలోకి పిలిచి కవరు చేతిలో పెట్టేవాడు. ఎవరికెంత అన్నది ఆయనకే తెలుసు. పద్దులో నేను మొత్తం మాత్రమే రాయాలి. రహస్యమని ఆయన అనుకునేవాడు; మధ్యాహ్నం టీ వేళకి ఎదురు కొట్టు కుర్రాడికి కూడా తెలిసేది, ఎవరి కవరులో ఎంతుందో. ఎక్కువ అందుకున్నవాడు తల దించుకునేవాడు, తక్కువ అందుకున్నవాడు కార్తీకం దాకా ముభావంగా ఉండేవాడు. లాభం తగ్గిన ఏడు కవరులో యాభై రూపాయలుండేవి.

రెండో ప్రెస్సాయన పిసినారి అని పేరు. ఇచ్చేది ఒక నెల జీతం. ఎక్కువా లేదు, తక్కువా లేదు. దసరాల్లో అమ్మవారి సరస్వతీ అలంకారం నాడు, అందరి ముందూ, నేను పేరు చదువుతుంటే ఆయన లెక్కపెట్టి ఇచ్చేవాడు. కంపోజిటర్‌కీ, బైండింగులో జిగురు పూసే ఆడవాళ్లకీ, ప్రూఫులు మోసే కుర్రాడికీ అదే సూత్రం. చిరునవ్వు కూడా కలిపేవాడు కాదు.

ఒక ఏడు మొదటి ప్రెస్సు మెషిన్‌మన్, మాఘమాసం ముహూర్తాల ముందు, రెండో ప్రెస్సుకి మారిపోయాడు. జీతం అక్కడ పదో పదిహేనో రూపాయలు తక్కువ కూడా. ఎందుకు వెళ్లావయ్యా అని అడిగాను. “పాత ఓనరు ఎంతిస్తాడో ముందు తెలిస్తే కదండీ పంతులుగారూ, పిల్లలకి గుడ్డలు తీయాలో వద్దో ఇంట్లో చెప్పడానికి” అన్నాడు. అప్పులవాడికి వాయిదా చెప్పాలన్నా, దర్జీకి గుడ్డ ఇవ్వాలన్నా పండగకి నెల ముందే తెలియాలి. కవరు తెరిచాక తెలిస్తే ఏం లాభం? బెంగాల్ కేసులో కోర్టు అడిగిన నాలుగు సంగతుల్లో మూడింటిని ఆ మనిషి ఒక్క మాటలో చెప్పాడు.

1965లో బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. ఎం.ఆర్. మెహెర్ అధ్యక్షతన వేసిన బోనస్ కమిషన్ నివేదిక మీద ముందు మేలో ఆర్డినెన్సు, సెప్టెంబరులో చట్టం. లాభం ఉన్నా లేకపోయినా కనీసం 4 శాతం, ఎక్కువలో ఎక్కువ 20 శాతం. జీతం పరిమితికి లోబడి, ఏడాదిలో ముప్పై పనిరోజులు చేసినవాడికల్లా వర్తించేది. లెక్కల సంవత్సరం ముగిశాక ఎనిమిది నెలల్లో ఇవ్వాలి. ఆ చట్టంలో ఒక సెక్షన్ ప్రత్యేకంగా, పూజా బోనసో మరో ఆనవాయితీ బోనసో ముందే ఇచ్చి ఉంటే దాన్ని ఇందులోంచి మినహాయించుకోవచ్చు అనేది. పార్లమెంటు చట్టంలోకి పండగ అలా దొడ్డిదారిన వచ్చి కూర్చుంది. ఆ రోజుల్లో ఒక్కో షావుకారుది ఒక్కో లెక్కల సంవత్సరం. కొందరికి ఉగాది, మార్వాడీలకి దీపావళి, ఇంకొందరికి జనవరి. 1989 నుంచి ఆదాయపన్ను వాళ్లు అందరికీ మార్చి 31 చేశాక, ఎనిమిది నెలల గడువు నవంబరుతో ముగుస్తుంది గనక, దసరా దీపావళులకే బోనస్ అన్నది బాగా కుదిరింది.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఫ్యాక్టరీలు కాని కొట్లు, సంస్థలకి ఈ చట్టం ఇరవై మంది పనిచేస్తుంటేనే వర్తించేది. ఒకసారి వర్తించాక మనుషులు ఇరవై కంటే తగ్గినా వదిలేది కాదు. ఈ రెండు ముక్కలూ తెలిసిన యజమాని ఏం చేస్తాడో గుమస్తాకి తెలుసు. మస్టరు రోలులో పంతొమ్మిదో పేరు దగ్గర పెన్ను ఆగిపోయేది. ఇరవయ్యోవాడు బావమరిది కొట్లో ఉన్నట్టు, ఇరవై ఒకటోవాడు రోజుకూలీ అయినట్టు రాయించిన ఒక షాపుండేది. అడిగితే, “చట్టం పెద్దవాళ్ల కోసం పెట్టింది పంతులుగారూ, మనమెంత?” అనేవారు. పనివాడు కూడా ఆ మాటే నమ్మేవాడు.

రేటు కథ రాజకీయాలతో పాటు ఊగింది. 1972లో కనీస బోనస్ 8.33 శాతానికి, అంటే పన్నెండు నెలలకి ఒక నెల జీతానికి పెరిగింది. 1975లో ఎమర్జెన్సీ వచ్చాక ఆర్డినెన్సుతో మళ్లీ 4 శాతానికి దించారు. సమ్మె చెయ్యడానికి వీల్లేని రోజులు కదా. 1977లో జనతా ప్రభుత్వం తిరిగి 8.33 చేసింది. మా ఊరు రైల్వే జంక్షన్. 1974 మే 8 నుంచి 27 దాకా జరిగిన రైల్వే సమ్మెలో బోనస్ కూడా ఒక ముఖ్యమైన డిమాండు. జైళ్లు, ఉద్యోగాలు ఊడటాలు, క్వార్టర్లు ఖాళీ చేయించడాలు అన్నీ అయ్యి ఆ సమ్మె ఓడిపోయింది. అయినా 1979లో రైల్వే వాళ్లకి ఉత్పాదకతతో ముడిపెట్టిన బోనస్ వచ్చింది. ఇప్పుడు దసరా ముందు 78 రోజుల బోనస్ అని ఢిల్లీలో ప్రకటన రాగానే బీసెంట్ రోడ్డు బట్టల షాపుల్లో కొత్త రకాలు కిందికి దిగుతాయి.

చిన్న యజమానులు మనిషిని పట్టి ఉంచడానికి వాడే మరో సాధనం అడ్వాన్సు. బోనస్ కంటే పాతది, బోనస్ కంటే చెడ్డది. మాస్టర్ వీవర్ దగ్గర నేతగాడికి పెళ్లికో చావుకో ఇచ్చిన డబ్బు, ఇటుకబట్టీలో సీజన్ ముందు ఇచ్చిన డబ్బు, హోటల్లో కుర్రాడి తండ్రికి ఇచ్చిన డబ్బు. బాకీ తీరేదాకా కదలకూడదు, బాకీ తీరదు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చాక కూడా పద్దుల్లో అది ‘చేబదులు’ అని కొనసాగింది. అడ్వాన్సు తీసుకున్నవాడు ఉంటాడు, నిజమే. కానీ అతని పనిలో ఆ ఉండటం కనిపించదు. ఒక షెడ్డులో మూడేళ్లుగా బాకీలో ఉన్న టర్నర్ ఒకతను లేతు దగ్గర ఎప్పుడూ గడియారం వంకే చూస్తుండేవాడు. దసరాకి ఆ ఓనరు ఇచ్చిన బోనస్‌ని అడ్వాన్సులో జమ వేసుకున్నాడు. నేనే రాశాను ఆ జమ. ఆ పండగకి ఆ ఇంట్లో కొత్త గుడ్డ లేదు, పుస్తకంలో మాత్రం బోనస్ ఇచ్చినట్టే ఉంది.

కోర్టు చెప్పిన నాలుగింట్లో మిగిలినది, నష్టమొచ్చిన ఏడు కూడా ఇవ్వడం, అన్నిటికంటే కష్టం. తొంభైల్లో డీటీపీ వచ్చి, అనూ ఫాంట్లు వచ్చి, సీసం అక్షరాల కేసులు పాతఇనుప కొట్లకి చేరాయి. ఆ పిసినారి ప్రెస్సాయనకి రెండేళ్లు వరసగా నష్టం. మొదటి ఏడు దసరా ముందు నన్ను పిలిచి, బ్యాంకులో భార్య గాజుల మీద తీసుకున్న డబ్బు బల్ల మీద పెట్టి, “పేర్లు చదవండి” అన్నాడు. “ఈ ఏడు వద్దులెండి ఓనరుగారూ, మాకు తెలుసు” అని ముసలి కంపోజిటర్ అంటే ఆయన వినలేదు. ఆ తర్వాత కంపోజిటర్లలో ఇద్దర్ని కంప్యూటరు నేర్చుకోవడానికి పంపాడు. ఒకతను చెయ్యి కుదరక మానేశాడు, రెండో అతను నేర్చుకున్నాడు. ఒత్తులూ గుణింతాలూ తెలిసిన మనిషి గనక తప్పులు తక్కువ పోయేవి. ఆ పేరు మీదే ప్రెస్సు మళ్లీ లేచింది. ఇది కథలా ఉందని నాకూ తెలుసు. ఇలాగే చేసి, అప్పుల్లో కూరుకుపోయి మూసేసిన షాపు కూడా చూశాను. మనుషుల్ని నిలుపుకోవడం వ్యాపారం నిలవడానికి హామీ కాదు.

ఈమధ్య మా మనవడు ఒక చిన్న స్టార్టప్‌లో చేరాడు. పన్నెండు మంది. గోడ మీద ఉత్సాహపరిచే రాతలు, శుక్రవారం పిజ్జాలు, నెలకొక ‘బెస్ట్ పెర్ఫార్మర్’ ఫొటో. దసరాకి ఎంతిస్తారురా అంటే, “చూడాలి తాతయ్యా, ఫండింగ్ బట్టి” అన్నాడు. మొదటి ప్రెస్సాయన లోపలి గదే, ఏసీ పెట్టారంతే.

పెద్ద సంస్థల్లోనూ ఈ రెండు పేజీలు ఉన్నాయి. సింగరేణి బొగ్గుగనుల్లో లాభాల్లో వాటా దసరా ముందు ప్రకటించడం ఆనవాయితీ. 2024లో, విస్తరణకి పక్కన పెట్టగా మిగిలిన లాభంలో 33 శాతం ఇచ్చారు. అదే ఏడు కాంట్రాక్టు కార్మికులకి తలా ఐదు వేలు ఇచ్చారు. ఒకే గనిలో దిగే ఇద్దరిలో ఒకరికి లక్షల్లో, ఒకరికి వేలల్లో. కాంట్రాక్టు వాళ్లకి ఆ మాత్రమైనా దక్కడం మంచిదే. కానీ ఇది మళ్లీ మామూళ్ల పేజీయే, బోనస్ పేజీ కాదు.

పాత బోనస్ చట్టం పోయి 2019 వేతనాల కోడ్‌లో కలిసింది. జీతం పరిమితి పాత చట్టంలోనే 21,000 దాకా పెరిగింది, కానీ అందులో లెక్క కట్టింది 7,000 మీదో కనీస వేతనం మీదో, ఏది ఎక్కువైతే దాని మీద. ఏడు వేల లెక్కన కనీస బోనస్ ఏడాదికి అటూఇటూగా ఏడు వేల రూపాయలే. ఇరవై మంది హద్దు మాత్రం కొత్త కోడ్‌లోనూ అలాగే ఉంది. అంటే టైలరు షాపు, మొబైల్ రిపేరు కొట్టు, కర్రీ పాయింటు, చిన్న డయాగ్నొస్టిక్ సెంటరు, వీటిలో పనిచేసేవాళ్లందరి దసరా ఇప్పటికీ ఓనరు చేతిలోనే ఉంది. మీ దగ్గర పనిచేసేది ఆరుగురో పదిమందో అయితే, ఈసారి ఎంతివ్వబోతున్నారో శ్రావణమాసంలోనే అందరినీ కూర్చోబెట్టి చెప్పండి. చిన్న మొత్తమైనా ఫర్వాలేదు, ప్రతి ఏడూ ఇవ్వగలిగింది చెప్పండి. ఎవరిదీ అడ్వాన్సులో జమ వేసుకోకండి. పద్దు రాసేవాడితో ఆ పేర్లు మామూళ్ల పేజీలో రాయించకండి.